నానబెట్టిన కర్ర

స్క్రూ బిగుతుగానే ఉంది. ఈ మాట ఆరేళ్ళ కిందట చెప్పవలసిన చోట చెప్పలేదు. చెప్పవలసిన మనిషి ఇప్పుడు లేదు. అందుకే ఇక్కడ ముందుగా అదే రాస్తున్నాను.

నా పేరు గుర్వయ్య. మా ఊరు చిట్యాల నుంచి లోపలికి ఏడు కిలోమీటర్లు. బడి ఏడో తరగతి వరకు. గొర్లు కాచుకున్నవాళ్ళం. రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, మా గొర్లు మేసే రాళ్ళ భూముల్లో గోల్ఫ్ మైదానం వేశారు. బండలు పగలగొట్టి, లారీలతో ఎర్రమట్టి పోసి, బోర్ల నీళ్ళతో గడ్డి పెంచారు. ఆ గడ్డి మీదికి గొర్రె రాకుండా చుట్టూ కంచె కట్టారు. కంచె లోపల నాకు బ్యాగుల గదిలో పని దొరికింది. నా భార్య అండాలుకు గడ్డిలో కలుపు తీసే పని. గొర్లను అమ్మేసి, గొర్రె నోటికి అందని గడ్డిని ఇద్దరం కాపాడాం. పిల్లలు లేరు. అడిగేవాళ్ళు లేరు.

బ్యాగుల గది అంటే సార్లు ఆడి వెళ్ళాక వాళ్ళ కర్రలు తుడిచి, అరిగిన పట్టు మార్చి, వదులైనవి బిగించే చోటు. ఇప్పటి పెద్ద కర్రల తల కాడకు అతికించి ఉండదు. కాడ చివర ఒక తొడుగు ఉంటుంది, దాని మీద సన్నటి అంకెలు. అడుగున ఉన్న స్క్రూ విప్పి, తొడుగును ఒక గీత తిప్పి మళ్ళీ బిగిస్తే బంతి లేచే ఎత్తు మారుతుంది. తల అడుగున బరువు బిళ్ళలు ఇటుది అటు మారిస్తే కుడికి పోయే బంతి ఎడమకు మళ్ళుతుంది. ఆడేవాడి చేతిలో తప్పు ఉంటే, చెయ్యి మార్చుకోడు. ఆ తప్పుకు తగినట్టు కర్రను తిప్పుకుంటాడు. దాని కోసం ఒక పానా ఉంది. సరిపోను బిగిసిందంటే చేతిలో టక్కుమని కొడుతుంది. ఇక చాలు అని అదే చెబుతుంది.

ఈ ఎండాకాలం కొత్త మేనేజరు వచ్చింది. శ్రీవాణి. పాలమూరు మనిషి, ముప్పై ఐదేళ్ళు ఉంటాయి, ఆడటం కూడా తెలుసు. వచ్చిన వారానికే నా బల్ల దగ్గర నిలబడింది.

"గుర్వయ్య గారూ, గీ అంకెలు కనిపిస్తున్నయా మీకు?"

"కనిపిస్తున్నయి మేడం."

"చదువుండ్రి మరి."

తొమ్మిదిన్నర అన్నాను. అది పదిన్నర.

"ఒక్క అంకె తప్పితె సారు బంతి పోయి హైవే మీద పడ్తది. లారీలోళ్ళు వచ్చి నన్ను తిడ్తరు," అని నవ్వింది. "మీకు తోడు ఒక మనిషి కావాలె. గీ తిప్పే కట్టెల పని తెలిసినోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

"జానీ అని ఉండె మేడం. మా ఊరోడే. చిట్యాలల పంక్చర్ షాపుల చేస్తున్నడు."

ఎందుకన్నానో తెలియదు అని రాయబోయాను. అబద్ధం. తెలుసు. ఆరేళ్ళుగా మింగి ఉంచినదాంట్లో ఒక ముద్ద కక్కితే కడుపు తేలికవుతుంది అనుకున్నాను.

ఆమె పాత ఫైలు తీయించింది. "జానీ, తండ్రి కృష్ణయ్య. 'నిర్లక్ష్యం వలన ప్రమాదం' అని రాసి తీసేసిన్రు. గా ప్రమాదం..." అని ఆగి నా వైపు చూసింది. "మీ ఇంటామెకే గదా?"

"అవును మేడం."

"అయినా ఆయన్నే తీసుకోమంటున్నరా?"

"చిన్నతనం. పొరపాటు అయింది. ఇప్పుడు మంచిగైండు."

"మీది పెద్ద మనసు గుర్వయ్య గారూ. మీకే అభ్యంతరం లేకపోతె నాకేముంది. రమ్మనుండ్రి."

మధ్యాహ్నానికి ఆ మాట అంతటా పాకింది. క్యాంటీన్‌లో నర్సింగమ్మ నేను అడగకముందే గ్లాసు నిండా చాయ్ పోసింది. "ఎంత మంచోనివే అన్నా! నేనైతె వాని మొకం గూడ సూడకపోదును," అంది. ఆ చాయ్ తాగాను. చల్లారక ముందే తాగాను.

జరిగింది ఇది.

రెండువేల పద్దెనిమిది, మే నెల. హైదరాబాద్ నుంచి వచ్చే ఒక ముసలి డాక్టరు సారు విలాయత్ వేలంలో ఒక పాత కర్ర కొని తెచ్చాడు. నూరేళ్ళు దాటిన వస్తువు. ఇప్పటి కర్రల్లో తిప్పుడు కొత్త అనుకుంటారు. అది కొత్త కాదు. ఆ పాత కర్రకు ఇనుప తల, ఇనుప మెడ, చెక్క కాడ. తలకూ మెడకూ మధ్య పళ్ళ చక్రం లాంటిది, దాన్ని పట్టి ఉంచే ఒక స్క్రూ. రూపాయి బిళ్ళ గాడిలో పెట్టి స్క్రూ వదులు చేసి తలను నిటారుగా నిలిపితే బంతిని గుంత వైపు దొర్లించే కర్ర. కొంచెం వెనక్కి వాల్చి బిగిస్తే దూరం కొట్టే కర్ర. పూర్తిగా వాల్చితే ఇసుకలోంచి బంతిని లేపే కర్ర. సంచి మోసేవాడి అవసరం లేకుండా ఒక్క కర్రతో ఆట అంతా. ఎవడో పిసినారి కమ్మరి చేసి ఉంటాడు. తెలివైనవాడే.

దాంట్లో ఒక్క లోపం ఉంది. మెడ కాడ మీద వదులై, ఊపితే లోపల గలగలమంటోంది. మెడలో నుంచి కాడకు దింపిన సన్నటి మేకు తుప్పు తిన్నది. లోపలి బంక పొడి అయ్యింది.

"గుర్వయ్యా, దీన్ని విలాయత్ పంపితే మూడు నెలలు పడుతుంది. వచ్చే ఆదివారం పాత కర్రల ప్రదర్శన పెట్టుకున్నాం. నువ్వు చేయగలవా?" అన్నాడు డాక్టరు సారు.

"చేస్త సార్," అన్నాను.

చేయవలసింది నాకు తెలుసు. మేకు తీయాలి, పాత బంక గీకాలి, కొత్త బంక పెట్టి కొత్త మేకు దింపాలి. నాలుగు రోజుల పని. మేకు తీస్తుంటే మెడ పగిలితే నూరేళ్ళ వస్తువు నా చేతిలో పోతుంది. ఆ భయంతో మా ఇళ్ళలో చేసే పని చేశాను. మా దగ్గర గొడ్డలి కామ వదులైతే ఎవరూ కమ్మరి దగ్గరికి పోరు. రాత్రి గోలెంలో, అంటే పశువుల నీళ్ళ తొట్టిలో, పడేస్తారు. పొద్దటికి చెక్క ఉబ్బి ఇనుమును పట్టుకుంటుంది. ఆ రోజు కట్టెలు కొట్టుకొని, సాయంత్రం మళ్ళీ నీళ్ళలో పడేస్తారు. మా నాయిన అట్లాగే చేశాడు. నేను ఆ కర్రను రెండు రోజులు మా గోలెంలో నిలబెట్టాను. గొర్లు పోయాక ఆ గోలెం ఖాళీగానే ఉంది.

అండాలు చూసింది. "గదేంది, సారు కట్టెకు కుడితి తాపుతున్నవా?" అంది.

"నీ పని నువ్వు చూస్కో."

"ఏమో, పొద్దటికి పాలిస్తదేమో చూడు," అని నవ్వుకుంటూ పోయింది.

రెండో రోజు తీసి ఊపితే చప్పుడు లేదు. సారు రెండు చేతులతో పట్టి లాగి చూశాడు. కదల్లేదు. "విలాయత్‌లో కూడా ఇంత శుభ్రంగా చేయరు," అన్నాడు. "గట్టిదేనా?"

"గట్టిదే సార్."

గొడ్డలి రోజూ నీళ్ళలో పడుతుంది కాబట్టి పట్టు ఉంటుంది. ఈ కర్ర అద్దాల పెట్టెలో పడింది. పైన రెండు బల్బులు. మే నెల. ఆరు రోజులు. ఉబ్బిన చెక్క ఎండితే మునుపటి కన్నా సన్నబడుతుంది. అది తెలియనివాడిని కాదు. ఆ ఆరు రోజుల్లో అద్దం ముందు నుంచి ఎన్నోసార్లు నడిచాను. సారు మెచ్చుకున్న మాట చెవిలో ఉంది. పెట్టె తెరిచి ఒక్కసారి ఊపి చూడలేదు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి జనం చేరారు. జానీ ఆ రోజు చర్చి మానుకొని వచ్చాడు. అప్పుడతనికి ఇరవై నాలుగేళ్ళు. మా వాడ కాదు, అయినా చిన్నప్పటి నుంచి నన్ను మామ అని, అండాలును అత్త అని పిలిచేవాడు. అతని తల్లి మైసమ్మ, అండాలు పక్కపక్కనే కూర్చొని కలుపు తీసేవాళ్ళు. వదినె మరదళ్ళ లెక్క ఒకరినొకరు ఎత్తిపొడుచుకునేవాళ్ళు. తిప్పే కర్రల పనిలో జానీది నాకన్నా మంచి చెయ్యి. నేను పానా మాట వినేవాణ్ణి. అతను స్క్రూ మాట వినేవాడు. అందుకే అందరి ముందు ఆ పాత కర్ర తలను తిప్పి చూపించే పని అతనికి ఇచ్చారు. రూపాయి బిళ్ళతో విప్పి, తలను పూర్తిగా వెనక్కి వాల్చి, బిగించి, సారు చేతికి ఇచ్చాడు.

ఆట జరిగేటప్పుడు కలుపు తీసే ఆడవాళ్ళను పక్కకు లేపాలి. ఇది ఆట కాదు, ప్రదర్శన, అని ఎవరూ లేపలేదు. ముప్పై అడుగుల దూరంలో వాళ్ళు తల మీద కొంగు కప్పుకొని కూర్చొని ఉన్నారు. సారు మూడుసార్లు ఉత్తగా ఊపాడు. నాలుగోసారి బంతిని కొట్టాడు. బంతి అక్కడే ఉంది. ఇనుము ఎగిరిపోయింది.

అండాలు అరవలేదు. మైసమ్మ అరిచింది.

నేను పరుగెత్తాను. నా భార్య దగ్గరికి కాదు. ఆమెకు నాలుగు అడుగుల అవతల పడిన ఇనుము దగ్గరికి. అందరూ ఆమె చుట్టూ మూగారు. నేను వంగి ఇనుమును చేతిలోకి తీసుకున్నాను. తల, మెడ కలిసే ఉన్నాయి. పళ్ళలో పళ్ళు కూర్చొని ఉన్నాయి. స్క్రూ కదలకుండా బిగుతుగా ఉంది. మెడ లోపల నల్లటి చెక్క పొడి. స్క్రూ వదులైతే తల ఒక్కటే ఊడాలి, మెడ కాడకే ఉండిపోవాలి. చూసేవాడు ఒక్కడున్నా తెలిసిపోయేది. అక్కడ ఎవరూ ఇనుమును చూడలేదు. రక్తాన్ని చూశారు.

నా జేబులో రూపాయి బిళ్ళ ఉంది. గాడిలో పెట్టి అర చుట్టు వెనక్కి తిప్పాను. తల ఊగింది. తీసుకుపోయి అప్పటి మేనేజరు చేతిలో పెట్టాను.

"స్క్రూ వదులున్నది సార్."

ఆ తరువాతే బండెక్కి అండాలు తలను ఒళ్ళో పెట్టుకున్నాను.

భయంతో చేశాను అని రాస్తే సగమే అవుతుంది. విలాయత్‌లో కూడా ఇంత శుభ్రంగా చేయరు అన్న మాట ఉంది కదా. అది పోతుందని చేశాను.

నల్లగొండ దవాఖానలో చూసి హైదరాబాద్ పంపారు. ఎడమ కన్ను పోయింది. జానీ మూడో రోజు వచ్చి మంచం కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "బిగించిన అత్తా, నాకు యాదికున్నది, బిగించిన," అని ఏడ్చాడు. అండాలు అతని మీద ఉమ్మింది. "బిగించుడు రాకపోతె బిగించిన అని ఎందుకు చెప్పాలె?" అని అడిగింది. నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. ఆ ప్రశ్న ఎవరిని అడగవలసిందో నాకు తెలుసు.

జానీని పనిలోంచి తీసేశారు. మైసమ్మ తనే మానుకుంది. ఊళ్ళో నల్లా ఒకటే. పొద్దున నీళ్ళు వచ్చే వేళకు అండాలు బిందె తీసుకొని పోయి, మైసమ్మ కనబడితే చాలు తిట్టేది. మూడేళ్ళు తిట్టింది. మైసమ్మ తల వంచుకొని నీళ్ళు పట్టుకొని పోయేది. చర్చిలో తన కన్ను కోసం మైసమ్మ ప్రార్థన చేయించిందని తెలిసి, అండాలు ఆ రోజు ఇంకా ఎక్కువ తిట్టింది. నేను ఒక్కసారి, "పోనీ, వాడు కావాలని చేసిండా," అన్నాను. "నువ్వు వాళ్ళ దిక్కు మాట్లాడకు. నీ కన్ను కాదు," అంది.

రెండువేల ఇరవై ఒకటిలో అండాలు చిట్యాలలో కూరగాయలు కొనుక్కొని హైవే దాటుతుంటే మోటారు సైకిలు కొట్టింది. అది ఎడమ వైపు నుంచి వచ్చింది. ఆమెకు ఎడమ వైపు లేదు.

మట్టి చేసిన రోజు జానీ దూరంగా తుమ్మ చెట్టు కింద నిలబడ్డాడు. నా బావమరిది రాయి తీసుకొని వెళ్ళగొట్టాడు. చూస్తూ ఉన్నాను.

అటువంటివాడిది పెద్ద మనసు అన్నారు.

మరునాడు చిట్యాల పోయాను. సర్వీసు రోడ్డు పక్కన పంక్చర్ దుకాణం. యజమాని యాదగిరి కుర్చీలో కూర్చొని పల్లీలు తింటున్నాడు. జానీ ఒక లారీ చక్రం బిగిస్తున్నాడు. ప్రతి నట్టునూ బిగించి, వేలితో తడిమి, మళ్ళీ బిగించి, మళ్ళీ తడుముతున్నాడు.

"రా అన్నా," అన్నాడు యాదగిరి. "నీ అల్లుడు పని చూడు. ఒక్కొక్క నట్టుకు మూడు సార్లు. పెండ్లిల గూడ మూడు ముళ్ళే గదా! నాలుగోసారి మొదలువెడితె బండోడు పారిపోతడు."

లారీ డ్రైవరు కిందికి ఉమ్మి, "విజయవాడ పోవాలె తమ్మీ, పోయినేడు మొదలువెట్టినవ్," అన్నాడు.

జానీ నవ్వలేదు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్ళకే చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి.

"మామా, కబురు చేస్తె నేనే వద్దును గదా. చాయ్ తాగుదువా?"

"తాగను. కొత్త మేడం నిన్ను రమ్మంటున్నది. నీ పాత పనికే. తిప్పే కట్టెలు ఇప్పుడు మస్తు వస్తున్నయి. నేను చెప్పిన."

"నువ్వు చెప్పినవా?"

"ఆ."

నా ముఖంలోకి చూశాడు. అతని కళ్ళు తడిశాయి. చూడలేక టైర్ల వైపు చూశాను.

"నువ్వు అట్ల చెప్పినవంటె నాకు అదే చాలు మామా. కానీ నాకొద్దు."

"జీతం మంచిగున్నది."

"జీతం కాదు. గానాడు బిళ్ళ పెట్టి ఇగ తిరగదు అనేదాక తిప్పిన. బిళ్ళ అచ్చు నా వేలు మీద పడ్డది. పొద్దుమూకే దాక ఉన్నది ఆ అచ్చు. అంత మంచిగ యాదికున్నది నాకు. కానీ స్క్రూ వదులుండె గదా, నువ్వే పట్టుకొచ్చి చూపెట్టినవ్. అంటె నాకు యాదికున్నది అబద్ధం. నా చెయ్యి నాకే అబద్ధం చెప్తది. అటువంటి చెయ్యితోని మళ్ళ గా కట్టెలు ముట్టుకోను మామా. గీడ గూడ రోజు భయమే. ఇంటికి పోయినంక గూడ ఏ నట్టు మరిచిన్నో అని లెక్కవెట్టుకుంట."

"సరే," అన్నాను. అంతకన్నా పనికిరాని మాట నా జీవితంలో అనలేదు.

బస్సు ఆగే చోటికి నడిచాను. పని ఇప్పిస్తే సరిపోతుంది అనుకున్నాను. అతనికి కావలసింది పని కాదు. ఆ ఉదయం తన చెయ్యి చేసింది నిజమేనా అన్నది. అది నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. నేను చస్తే అది కూడా చస్తుంది. బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టాను.

"ఎక్కుతవా దిగుతవా పెద్దమనిషీ? ఎన్క జనం ఉన్నరు," అన్నాడు కండక్టరు.

దిగాను. వెనక్కి నడిచాను. జానీ అదే చక్రం దగ్గర ఉన్నాడు.

"జానీ. స్క్రూ బిగుతుగనే ఉండె."

"ఏంది మామా?"

"నువ్వు బిగించింది బిగుతుగనే ఉండె. తర్వాత నేను వదులు చేసిన. రూపాయి బిళ్ళతోని. అర చుట్టు."

యాదగిరి పల్లీలు తినడం ఆపి, గాలి కొట్టే మిషన్ కట్టేశాడు. జానీ వెనక ఉన్న టైరు మీద కూర్చున్నాడు.

"మళ్ళ చెప్పు."

మొదటి నుంచి చెప్పాను. తుప్పు పట్టిన మేకు, గోలెం, అద్దాల పెట్టె, బల్బులు, మెడతో సహా ఊడిన ఇనుము. ముందు దాని దగ్గరికే ఉరికానని కూడా చెప్పాను. డ్రైవరు దగ్గరికి వచ్చి విన్నాడు. పొమ్మని ఎవరూ అనలేదు.

"అత్తకు తెలుసా?" అన్నాడు జానీ.

"తెల్వదు."

"ఎప్పుడన్న చెప్పాలనుకున్నవా?"

"అనుకున్న."

"అనుకున్నవ్," అన్నాడు.

కొడతాడు అనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను, అదీ నా కోసమే. అతను లేచి పానా తీసుకున్నాడు. మిగిలిన రెండు నట్లు బిగించాడు. ఒక్కొక్కటి ఒక్కసారే. వేలితో తడమలేదు. పానా కింద పెట్టి డ్రైవరుతో, "పో అన్నా, అయింది," అన్నాడు. తరువాత తన మోటారు సైకిలు స్టార్టు చేశాడు.

"ఎక్కు. మేడం ముంగట చెప్పు."

గతుకుల్లో అతని భుజం పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

శ్రీవాణి అంతా విని, లేచి, గది మూలనున్న బీరువా తెరిచింది. డాక్టరు సారు ఆ కర్రను మళ్ళీ తీసుకుపోలేదు. పాత దుప్పటి ముక్కలో చుట్టి ఉంది. ఆమె కాడను వెలుతురుకు పట్టింది. చివర రెండు వేళ్ళ మేర నల్లగా నీటి మచ్చ. మెడను కాడకు తొడిగి చూసింది. గలగలమంది.

"మెడతోని సహా ఊడింది ఇది. స్క్రూ వదులైతె తల ఒక్కటే పోవాలె. గింత సూటిగ కనిపిస్తుంటె గప్పుడు ఎవరూ చూడలేదా?"

"చూడలేదు మేడం. నేను చూసిన."

ఆమె ఒక తెల్ల కాగితం, పెన్ను నా ముందు పెట్టింది. ఏడో తరగతి అక్షరాలతో రాశాను. ఒక పేజీ పట్టలేదు. జానీ నా వెనక నిలబడి ప్రతి మాటా చదివాడు.

"అత్త పేరు రాయలె నువ్వు," అన్నాడు. "'నా భార్య' అని రాసినవ్. పేరు రాయి."

అండాలు అని రాశాను.

శ్రీవాణి కాగితం తీసుకొని ఫైల్లో పెట్టింది. "రేపటిసంది మీరు రావద్దు," అంది. ఈసారి గారు లేదు, పేరూ లేదు. జానీ వైపు తిరిగి, "నువ్వు వస్తవా?" అంది.

"సోమవారం వస్త మేడం. గా కాగితం జిరాక్సు ఒకటి కావాలె. మా అమ్మకు."

నేను ఇంటికి నడిచే వచ్చాను. ఆ దారిలో పెద్ద మనసు అన్నవాళ్ళు ఎవరూ ఎదురుపడలేదు.

తెల్లారి బిందె తీసుకొని నల్లా దగ్గరికి పోయాను. మూడేళ్ళుగా నేనే పట్టుకుంటున్నాను. వరుసలో ఆరేడుగురు ఆడవాళ్ళు ఉన్నారు. నన్ను చూసి మాటలు ఆపేశారు. మైసమ్మ బిందె నల్లా కింద ఉంది. ఆమె నడుము నిటారు చేసుకొని నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"అన్నా, కాగితం సదివిచ్చుకున్న. మా బిడ్డ నాగరాణి సదివింది. రెండుసార్లు."

"ఊ."

"గీ జాగల్నే వదినె నన్ను మూడేండ్లు తిట్టింది. ఒక్కనాడు ఎదురు మాట అనలె నేను. నా కొడుకు తప్పు చేసిండు, కన్ను పోయిన మనిషి, తిట్టనీ అనుకున్న. అన్ని నెత్తినేస్కున్న."

"అవును."

"గా తిట్లు నాయి కావాయె. నా కొడుకువి గూడ కావాయె. మరి ఎవలకియ్యాలె? వదినెకే ఇచ్చేద్దామంటె ఆమె లేకపాయె."

"నాకియ్యి," అన్నాను.

"నీకే తెచ్చిన."

ఆమె గొంతు పెంచలేదు. వేలు మడిచి మొదలుపెట్టింది.

"ఇది ఆమె దవాఖాన కెల్లి వచ్చిన తెల్లారిది. 'నీ చేతులు మోచేతుల కాడికి ఇర్గ.' ఇది బోనాలప్పటిది. 'నా మొకం జూసి నలుగురు నవ్వినట్టు నీ బతుకు నవ్వులపాలుగాను.' ఇది నేను చర్చిల ప్రార్థన చేపిచ్చిననాటిది. 'నీ మొక్కు నీ నోట్లె మన్నయి వడ.'"

అవి అండాలు మాటలే. ఒక్కొక్క తిట్టు చివర ఆగి ఊపిరి తీసుకోవడం కూడా అండాలుదే. మూడేళ్ళ తరువాత ఆమె గొంతు విన్నాను. బిందె నిండి పొర్లుతోంది. ఎవరూ తీయలేదు.

"ఇది కన్ను కుట్లు ఇప్పిననాటిది," అంది మైసమ్మ. ఇక్కడ ఒక్కసారి ఆగింది. చెప్పాలా వద్దా అని నా ముఖం చూసింది. చెప్పింది. "'నా కన్ను తీసినోని ఇంట్ల దీపం ముట్టిచ్చే ఆడది లేకపోను.'"

ఆడవాళ్ళలో ఎవరో అయ్యో అన్నారు.

నేను తల వంచలేదు. మైసమ్మ ఇంకో వేలు మడిచింది.

"ఇంక శానా ఉన్నయి అన్నా."

"చెప్పు," అన్నాను.